మా నాయన నిలబడితే లేచే డబ్బా

ముందే చెబుతున్నాను, ఈ కథలో నా పరువు పోతుంది. ఒక ఊళ్ళో కాదు, మూడు ఊళ్ళలో. గద్వాలలో మొదలుపెట్టి, వనపర్తిలో కొంత, నాగర్‌కర్నూల్‌లో కొంత పారేసుకుని, మిగిలినది జాగ్రత్తగా మళ్ళీ గద్వాలకే తెచ్చి, ఒక ప్రిన్సిపాల్ మేడం ముందు, ఇద్దరు ఇంటర్ అమ్మాయిల ముందు, మా అవ్వ ముందు పూర్తిగా ఒలకబోశాను. హాయిగా నవ్వుకోండి. నవ్వేవాళ్ళను చూసి ఉడుక్కునే వయసు నాకు దాటిపోయింది.

అవి గద్వాలకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులు. నేను వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, ప్రపంచంలో నాకు తెలియనిది ఇంకేమైనా మిగిలిందా అనుకుంటూ ఇంటికి చేరాను. మాది నేత ఇల్లు. మా నాయన గద్వాల చీరలు నేస్తాడు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే మగ్గం ఆయనది. పక్కనే ఇంకో గుంట ఉండేది, ఖాళీగా, పైన చెక్కలు పరిచి. అది మా తాత మగ్గం ఉన్న చోటు. నాయన ఆ చెక్కల మీదుగా నడిచినప్పుడల్లా నా వైపు ఒక చూపు చూసేవాడు. గుడ్డ కత్తిరించే ముందు దర్జీ మనిషిని చూస్తాడే, అలా.

ఆ చూపు నుంచి తప్పించుకోవడానికే ముందుగదిలో నాలుగు పాత కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటర్ తెరిచాను. నాయన అడ్డు చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు.

"దసరా దాంక చూస్త శేఖరా. నడిస్తే నీ ఇష్టం. నడవకుంటే చెక్కలు తీస్త."

సెంటర్ నడవలేదు. అప్పట్లో నెట్ సెంటర్ అంటే ఊళ్ళో మంచి పేరు లేదు. కుర్రాళ్ళు తెర చాటున కూర్చుని ఏవేవో పాడు బొమ్మలు చూస్తారని జనం నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా అబద్ధం కూడా కాదు. దసరా దగ్గర పడుతోంది. కలలో చెక్కలు వాటంతట అవే లేస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఆడపిల్లల జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ మేడం మా గడప తొక్కింది.

"స్కాలర్‌షిప్ ఫారాలు, హాల్ టికెట్లు, రిజల్టులు, అన్నీ నెట్‌ల్నే వస్తున్నయి బాబూ," అంది. "మా పిల్లలను యాడికన్న పంపాలంటే నాకు భయం. ఆ పాడు బొమ్మలు రాకుండ ఏమన్న బందోబస్తు చెయ్యి. పై బుధవారం నేనే వచ్చి చూస్త. మంచిగుంటే కాలేజీ మొత్తాన్ని నీ దగ్గరికే పంపుత."

"బందోబస్తా మేడం? ఫైర్‌వాలే పెడుత!" అన్నాను.

అంటే ఏమిటో మేడానికి తెలియదు. నాకూ పుస్తకంలో చూసినంతే తెలుసు. నెట్ కనెక్షన్‌కూ కంప్యూటర్లకూ మధ్య కూర్చుని, రావలసినవి రానిచ్చి, రాకూడనివి ఆపే కాపలా డబ్బా అది. కొత్తది కొనే తాహతు లేదు కనుక హైదరాబాద్ వెళ్ళి, పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణంలో ఒకటి పట్టుకొచ్చాను. పొడుగ్గా, నల్లగా, ముందు వైపు రెండు దీపాలతో చూడ్డానికి గంభీరంగా ఉంది. అంత గంభీరమైనది బల్ల మీద ఎలా పెడతాం? గోడకు రెండు మేకులు కొట్టి, ఇనుప పట్టీలు బిగించి, దేవుడి పటం కంటే ఎత్తుగా ఎక్కించాను. ఆ గోడకు అవతల నాయన నేత గది.

స్విచ్ వేశాను. ఒక దీపం పచ్చగా వెలిగింది. రెండోది పసుపుగా మిణుకుమిణుకుమంది. ఆ పసుపు దీపం మూడు నిమిషాలకు పచ్చబడాలి. పచ్చబడితే డబ్బా లేచినట్టు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. టప్! రెండు దీపాలూ ఆరి, మళ్ళీ మొదటి నుంచి మిణుకుమిణుకు. ఉదయం పది నుంచి పన్నెండు దాకా అది అలా లేవబోవడం, పడుకోవడం. పరీక్షల రోజుల్లో తెల్లారి నేను లేచినట్టే ఉంది.

మొదటి అనుమానం కరెంటు మీద. స్టెబిలైజర్ పెట్టాను. టప్. యూపీఎస్ పెట్టాను. టప్. మూత విప్పి దుమ్ము ఊదాను. లోపల మెమరీ చిప్పును పట్టుకునే రెండు క్లిప్పుల్లో ఒకటి విరిగి ఉంది. "ఇంకోటి గట్టిగానే ఉంది కదా" అనుకుని మూత బిగించాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

నా సణుగుడు విని నాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి డబ్బా ముందు నిలబడ్డాడు.

"ఏమైందిరా?"

"లేస్తలేదు నాయనా. లేసినట్టె లేసి పడుతుంది."

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఒక నిమిషం, రెండు, మూడు. పసుపు దీపం బుద్ధిమంతుడిలా పచ్చబడింది.

"లేచింది గదరా!"

"లేచింది," అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

నాయన తృప్తిగా వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన కాసేపటికి, టప్. మళ్ళీ పిలిచాను. వచ్చాడు. లేచింది. వెళ్ళాడు. పడింది. మూడోసారి ఆయన గుమ్మంలోనే ఆగాడు.

"నా వల్ల ఏమన్న ఇబ్బందా? జరసేపు మగ్గం ఆపాల్నా?"

చదువుకున్న మూర్ఖుడు నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది. పెదవులు కొంచెం పక్కకు, కళ్ళు కొంచెం పైకి. ఆ నవ్వు నవ్వాను.

"మగ్గానికి దీనికి ఏం సంబంధం నాయనా? ఇది టెక్నాలజీ. నీకు తెల్వదు."

"సరే మరి," అని ఆయన గుంటలోకి దిగాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను ఇంకో అడుగు ముందుకేసి, మద్దెల బాగుంది, ఊరే ఓడు అనుకున్నాను. శనివారం పొద్దున డబ్బాను పాత చీరలో మూటగట్టి, ఒళ్ళో పెట్టుకుని వనపర్తి బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా దాటాక పక్క సీటు పెద్దాయన మూటను తాకి చూసి, "హార్మోనియమా?" అని అడిగాడు. అవునన్నాను. వివరం చెప్పే ఓపిక లేదు.

వనపర్తిలో నాతో చదువుకున్న మహేశ్ కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టుకున్నాడు. డబ్బాను వాడి బల్ల మీద పెట్టి స్విచ్ వేశాం. మూడు నిమిషాలు. పచ్చ. గంటసేపు కూర్చుని టీలు తాగాం. పచ్చ. వాడు నన్ను జాలిగా చూశాడు.

"మంచిగనే ఉన్నది గదర."

"మా ఇంట్ల పని చేస్తలేదుర."

"అయితే డబ్బకు దవా ఎందుకు? నీ ఇంటికి చేయించు," అని వాడు పడీపడీ నవ్వి, తర్వాత జాలిపడి, నాగర్‌కర్నూల్‌లో ఖాజా భాయ్ పేరు చెప్పాడు. టీవీలు, ఇన్వర్టర్లు, ఏది చచ్చినా ఆయన చెయ్యి పడితే లేస్తుందట.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా డబ్బా ఇంట ఓడి రచ్చల్లో గెలుచుకుంటూ పోతోంది. ఖాజా భాయ్ బల్ల మీద కూడా అది మూడు నిమిషాల్లో లేచి ఠీవిగా కూర్చుంది.

"నా దగ్గరికి చచ్చినవి తెస్తరు," అన్నాడాయన, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. "నువ్వు బతికి ఉన్నదాన్ని తెచ్చినవ్ ఏంది?"

అయినా పెద్దమనిషి, మూత విప్పి లోపలంతా చూశాడు. విరిగిన క్లిప్పును వేలితో తట్టాడు.

"గిది లూజున్నది. కదలకుంటే ఫికర్ లేదు. కదిలితే మాత్రం బందయితది. మీ ఇంటి పక్కన పిండి గిర్ని ఉన్నదా?"

"లేదు భాయ్."

"లారీలు పోయే రోడ్డు?"

"లేదు."

"ధడ్ ధడ్ అని చప్పుడయ్యేది ఇంట్ల ఏమన్న ఉన్నదా? మంచిగ యాద్ చేసుకో."

మంచిగానే యాద్ చేసుకున్నాను. కళ్ళు మూసుకుని మా ఇల్లంతా ఒకసారి మనసులో తిరిగి వచ్చాను. వంటగది, నేత గది, ముందుగది, పెరడు.

"ఏం లేదు భాయ్. మా ఇల్లు మస్తు నిమ్మళం. చీమ చిటుక్కుమన్నా వినపడుతది."

"అయితే అల్లాకే ఎరుక," అని ఆయన మూత బిగించి, పైసా తీసుకోకుండా పంపించాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. నేను జిల్లా అంతా వెతికాను. పైగా దారిలో ఒకాయన పిల్లను చూపించి "ఇదేనా?" అని అడిగితే, "కాదు" అని చెప్పి వచ్చాను.

ఆదివారం మళ్ళీ గోడెక్కించాను. టప్. ఇక లాభం లేదని శాస్త్రీయంగా ఒక నోటుబుక్కు పెట్టాను. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది, కారణం ఏమై ఉంటుంది. ఆ నోటుబుక్కు ఈమధ్య వరకూ నా దగ్గరే ఉండేది. అందులో నా సొంత చేతిరాతతో ఇలా ఉండేది: "మధ్యాహ్నం పన్నెండున్నరకు లేచింది. ఒంటిగంటకు పడింది. అన్నం వేళకే ఎందుకు లేస్తోంది? పక్కిళ్ళలో కరెంటు వాడకం తగ్గడం వల్ల కావచ్చు."

సోమవారం అమావాస్య. మా ఇళ్ళలో ఆ రోజు మగ్గం ఎక్కరు. నాయన పొద్దున్నే అయిజలో చుట్టాల ఇంటికి వెళ్ళాడు. ఆ రోజు డబ్బా లేచింది చూడండి, పొద్దున ఎనిమిదికి లేచినది సాయంత్రం దాకా కన్ను మూయలేదు! నేను ఆనందంతో అవ్వను పిలిచి చూపించాను. నాయనకు రాట్నం మీద నూలు కండెలు చుట్టిపెట్టేది మా అవ్వే. ఆమె ఆ పచ్చ దీపాల వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇన్ని దినాలు లేవనిది అమాస నాడు లేచిందంటే ఇది మంచి మిషను గాదు బిడ్డ. ఎవరి ఇంట్లదో ఏందో, పాతది పట్కొస్తివి. నిమ్మకాయ కోసి తిప్పనా?"

మీకు ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది. మీరు నాకంటే తెలివైనవాళ్ళు, అందుకే మీ పేరున ఎవరూ ఇలాంటి కథ రాయలేదు. కానీ నా స్థితి ఆలోచించండి. మంగళవారం పొద్దున అది మళ్ళీ పడకేసింది. తెల్లారితే మేడం వస్తుంది. అది లేచిన సందర్భాలు నోటుబుక్కులో వరుసగా ఉన్నాయి. రెండు సిద్ధాంతాలు తేలాయి. ఒకటి, దీనికి అమావాస్య కావాలి. రెండు, దీని ముందు మా నాయన నిలబడాలి. అమావాస్యను బుధవారం దాకా ఆపలేను. నాయనను ఆపగలను.

"నాయనా, రేపు మేడం వచ్చినప్పుడు జర డబ్బ ముందట నిలబడాలె."

"నేనెందుకురా?"

"నువ్వు నిలబడితే లేస్తుంది."

నాయన చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. పాలిటెక్నిక్ మూడేళ్ళు ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. "సరే," అన్నాడు చివరికి.

బుధవారం పదకొండు గంటలకు మేడం ఇద్దరు అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చింది. నాయన ఉతికిన ధోవతి కట్టుకుని, డబ్బా కింద చేతులు కట్టుకుని, ధ్వజస్తంభంలా నిలబడి ఉన్నాడు. రెండు దీపాలూ పచ్చగా ఉన్నాయి. అమ్మాయిలు చెరో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మేడం ఒక పాడు సైటు పేరు తానే కొట్టి చూసింది. "అనుమతి లేదు" అని వచ్చింది. స్కాలర్‌షిప్ పేజీ తెరవమంది. చక్కగా తెరుచుకుంది.

"బాగున్నది," అని, నాయన వైపు తిరిగింది. "వీరెవరు?"

"మా నాయన మేడం."

"ఎందుకు నిలబడ్డరు? కూసోమను."

"వద్దు మేడం," అన్నాను గాభరాగా. "మిషన్‌కు… ఆయనంటే గౌరవం."

మేడం అప్పటికే గుమ్మం వైపు తొంగి చూస్తోంది. ఆమెకు పేజీల కంటే లోపలి గదిలో కనిపిస్తున్న మగ్గం మీద మనసు పోయింది. "మీరు నేస్తరా? ఇన్నేండ్ల సంది గద్వాలల్నే ఉన్న గని, నేసేటప్పుడు దగ్గరుండి చూసింది లేదు. జర చూపిస్తరా?"

మా నాయనకు అంతకంటే ఏం కావాలి? ముఖం వెలిగిపోయింది. "రాండ్రి మేడం, రాండ్రి," అంటూ తీసుకుపోయాడు. నేను కళ్ళతో, చేతులతో, చివరికి మోకాళ్ళతో కూడా వద్దని సైగ చేశాను. చూడలేదు. ఆయన గుంటలో కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరాడు.

"పోయింది మేడం!" అన్నారు అమ్మాయిలు ఒకేసారి.

"నాయనా, జర ఇటు రా!" అని అరిచాను. నాయన వచ్చి నిలబడ్డాడు. మూడు నిమిషాలు అందరం గుడిలో హారతి కోసం నిలబడినట్టు నిలబడ్డాం.

"వచ్చింది మేడం."

నాయన వెళ్ళాడు. సగంలో ఉన్న పువ్వు మేడానికి చూపించాలి కదా.

"పోయింది మేడం."

"నాయనా!"

మూడోసారి పిలిచినప్పుడు ఆయన గుంటలోంచి లేవలేదు. "నన్ను నాడె లెక్క ఇటు అటు తిప్పుతున్నవేందిరా?" అన్నాడు విసుగ్గా, నేత ఆపకుండానే.

మేడం నేత గదిలోంచి నడిచి వచ్చి, డబ్బా వైపు చూసి, గోడ మీద అరచెయ్యి పెట్టింది. ఆమె ఫిజిక్సు చెప్పేదని నాకు తర్వాత తెలిసింది.

"ఇటు రా బాబూ. ఇక్కడ చెయ్యి పెట్టు. ఈ చప్పుడుకే పోతున్నది నీ మిషను."

నేను మేడం ముఖంలోకి చూశాను. గోడ వైపు చూశాను. ఎంతో వినయంగా, చిత్తశుద్ధితో అడిగాను.

"ఏ చప్పుడు మేడం?"

అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వ రాట్నం ఆపింది. "అయ్యో, పిలగానికి చెవులు పోయినయా ఏంది!" అంది.

అప్పుడు గోడ మీద చెయ్యి పెట్టాను. ధడ్. ధడ్. పోగును దగ్గరికి కొట్టే ఒక్కో దెబ్బకూ గోడ చిన్నగా అదురుతోంది. అవతల మగ్గం గుంజ ఆ గోడకే ఆనుకుని ఉంది. గోడ అదిరితే పట్టీ అదిరి, పట్టీ అదిరితే విరిగిన క్లిప్పులో చిప్పు కదిలి, టప్. నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా ఆ చప్పుడు నాకు వినపడలేదు. పుట్టిన రోజు నుంచి వింటున్నది చెవికి చప్పుడు కాదు. అది మాకు ఇల్లు నిమ్మళంగా ఉండటం. నేను తిన్న అన్నం, నేను చదివిన చదువు అన్నీ ఆ చప్పుడులోంచే వచ్చాయి, నేనేమో దానికీ దీనికీ ఏం సంబంధం అన్నాను. నాకు చాలా సిగ్గేసింది. నేల మీద పరిచిన ఆ చెక్కలు తీసి నాకు నేనే గుంటలోకి దిగిపోదామనిపించింది.

మేడం మాత్రం నవ్వుతూనే కచ్చితంగా చెప్పింది. "చూడు బాబూ, మగ్గం ఆపి నెట్టు నడిపేదయితే నేను పిల్లలను పంప. మగ్గం నడుస్తుండాలె, ఇదీ నడుస్తుండాలె. అయితదా?"

నాయన గుంటలోంచి లేచి వచ్చి, "విప్పు," అన్నాడు. మూత విప్పాను. "ఏది కదులుతుంది?" చూపించాను. ఆయన చెవి మీద పెట్టుకున్న నూలు పోగు తీసి, రెండు పేటలు చేసి, చిప్పు చుట్టూ తిప్పి, పాత పోగు కొసకు కొత్త పోగు అతికే ముడి ఒకటి వేశాడు. రెండు వేళ్ళ మధ్య ఎప్పుడు వేశాడో కనపడదు, లాగితే ఊడదు. పని అరనిమిషం పట్టింది. అది మళ్ళీ గోడెక్కింది. మూడు నిమిషాల తర్వాత పచ్చబడింది. నాయన మగ్గం ఎక్కి, కావాలనే కొంచెం గట్టిగా కొట్టాడు. ధడ్. ధడ్. ధడ్.

"ఉన్నది మేడం!" అన్నారు అమ్మాయిలు.

మరుసటి వారం నుంచి కాలేజీ మొత్తం మా ముందుగదిలోనే ఉంది. దసరా వచ్చి వెళ్ళింది. చెక్కలు కదలలేదు. ఆ డబ్బా నాలుగేళ్ళు పని చేసింది, ముడి విప్పే అవసరం ఒక్కసారీ రాలేదు.

మేడం వెళ్ళిన ఆ మధ్యాహ్నమే నేను నేత గదిలోకి వెళ్ళి, మగ్గం గుంజ మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని ప్రమాణం చేశాను. "నాయనా, ఈ మగ్గం మీద ఒట్టు. ఇక మీద ఏ యంత్రం మొరాయించినా, ముందు గోడ మీద చెయ్యి పెట్టి చూస్త. ముందుగాల ఇంట్లోవాళ్ళ మాట విని, ఆ తర్వాతనే స్క్రూడ్రైవర్ ముట్టుకుంట. దీనికి దానికి ఏం సంబంధం అనే మాట నా నోట్ల నుంచి మళ్ళ రాదు."

నాయన నేస్తూనే ఉన్నాడు. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ గుంటలో కూర్చుని, ఆ గదిలో ఎవరు ఏ మూల గొణిగినా జవాబు చెప్పిన మనిషి, తల ఎత్తి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమంటున్నవ్ శేఖరా? జర గట్టిగ చెప్పు. మగ్గం చప్పుడుకు వినపడుతలేదు."